ఆకు తెల్లగా, ఆకాశం నల్లగా: ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో ప్రకృతి ఎంత, ఎడిటింగ్ ఎంత?

మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన పల్లె ఫొటో. పొలం గట్టు మీది చెట్లు తెల్లగా మెరుస్తుంటాయి. ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది, చెరువు నీళ్లు అంతకన్నా నల్లగా. ఇంకో ఫొటోలో అవే చెట్లు బంగారు రంగులో, మరో దాంట్లో ముదురు గులాబీ రంగులో కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లలో కొందరు మంచు కురిసిందనుకుంటారు. కొందరు వేడిని పట్టే కెమెరాతో తీశారంటారు. "ఏముంది, ఫొటోషాప్" అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ.

మంచు మాట వదిలేద్దాం. మిగతా రెండు అనుమానాల్లో ఒకటి పూర్తిగా తప్పు, రెండోది సగం నిజం. ఆ సగం ఏదన్న దగ్గరే అందరూ తికమకపడతారు. ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో ఏది వెలుగ్గా, ఏది చీకటిగా కనిపించాలో ఆకు, నీరు, గాలి తేలుస్తాయి. ఏది ఏ రంగులో ఉండాలో చాలావరకు కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి తేలుస్తాడు. ఆ "చాలావరకు" వెనక కూడా కొంత భౌతికశాస్త్రం ఉంది. దాని దగ్గరికి మెల్లగా వద్దాం.

కెమెరా పట్టేది వేడిని కాదు, ఎండను

మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. 400 దగ్గర ఊదా, 700 దగ్గర ముదురు ఎరుపు. ఆ ఎరుపు దాటాక వచ్చేదే పరారుణ కాంతి, అంటే ఇన్‌ఫ్రారెడ్. 1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకం గుండా పంపి ఒక్కో రంగు దగ్గర థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు పక్కన, ఏ రంగూ లేని చోట కూడా ఉష్ణోగ్రత పెరిగింది. కంటికి కనిపించని కాంతి ఒకటుందని అలా తెలిసింది.

కథ థర్మామీటర్‌తో మొదలైంది కాబట్టో ఏమో, ఇన్‌ఫ్రారెడ్ అంటే వేడి అన్న ముద్ర పడిపోయింది. నిజానికి అది చాలా పెద్ద మేర. 700 నానోమీటర్ల దగ్గర మొదలై ఒక మిల్లీమీటరు దాకా వెళుతుంది. మనిషి ఒంటి వేడి ఎక్కువగా వెలువడేది 9,400 నానోమీటర్ల దగ్గర. థర్మల్ కెమెరాలు సాధారణంగా 8,000 నుంచి 14,000 మధ్య పనిచేస్తాయి. ఆ కాంతి మామూలు గాజులోంచి పోదు, అందుకే వాటి లెన్సులను ఎక్కువగా జెర్మేనియంతో చేస్తారు. మామూలు డిజిటల్ కెమెరా సెన్సర్ సిలికాన్‌తో చేసింది, సిలికాన్‌కు సుమారు 1,100 నానోమీటర్ల తర్వాత ఏమీ కనిపించదు. అంటే ఒంటి వేడి దాని చూపుకు అందే దూరంలోనే లేదు.

ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ వాడుకునేది 700 నుంచి 1,000 దాకా ఉన్న సమీప పరారుణాన్ని. ఇది చెట్టులోంచో గోడలోంచో పుట్టిన వేడి కాదు. సూర్యుడి నుంచి వచ్చి, చెట్టు మీద పడి, తిరిగి కెమెరాలోకి వచ్చిన ఎండ. పొద్దుగూకితే ఈ ఫొటో ఉండదు. సీసీ కెమెరాలు చీకట్లో చూడాలంటే తమ చుట్టూ చిన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలిగించుకోవాల్సి వచ్చేది కూడా అందుకే.

పచ్చని ఆకు ఎందుకు తెల్లబడుతుంది

ఆకులోని పత్రహరితం నీలాన్ని, ఎరుపును గట్టిగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చను కొంచెం ఎక్కువగా తిప్పి పంపుతుంది. ఆ కొంచెం తేడానే మనకు పచ్చదనం. 700 దాటిన కాంతి విషయంలో మాత్రం పత్రహరితానికి ఆసక్తి లేదు. ఆ కాంతి దానిలోంచి సూటిగా దూసుకుపోతుంది. అలాంటప్పుడు ఆకు పారదర్శకంగా కనిపించాలి కదా, తెల్లగా ఎందుకుంటుంది?

ఐసు గడ్డ పారదర్శకంగా ఉంటుంది. దాన్నే పొడి చేస్తే తెల్లగా అవుతుంది. పొడిలో ఐసుకూ గాలికీ మధ్య వేల సరిహద్దులు ఏర్పడి, కాంతి ఒక్కో సరిహద్దు దగ్గరా దారి మళ్లి, చివరికి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. ఆకు లోపల కూడా తడి కణాలు, వాటి మధ్య గాలి ఖాళీలు ఉంటాయి. పత్రహరితం అడ్డు లేని పరారుణ కాంతి ఆ సరిహద్దుల్లో తిరిగి తిరిగి సగం దాకా వెనక్కి వచ్చేస్తుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆకును దాటి కిందికి పోతుంది. ఆకులో నిలిచిపోయేది చాలా తక్కువ. కిందికి పోయింది కూడా వృథా కాదు. కింది ఆకు మీద పడి మళ్లీ పైకి వస్తుంది. అందుకే ఒంటరి ఆకుకన్నా గుబురు చెట్టు ఎక్కువ తెల్లగా ఉంటుంది. ఆకులు వరసలు వరసలుగా ఉన్న దట్టమైన పంట ఇంకా మెరుస్తుంది.

ఈ మార్పు క్రమంగా కాదు, ఒక్కసారిగా జరుగుతుంది. 680 దగ్గర దాదాపు నల్లగా ఉన్న ఆకు 750 వచ్చేసరికి తెల్లగా మారిపోతుంది. ఈ నిట్టనిలువు గట్టును శాస్త్రవేత్తలు రెడ్ ఎడ్జ్ అంటారు. అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1910లో ఇలాంటి ఫొటోలు ప్రచురించాడు. ఆకులు తెల్లబడటాన్ని ఇప్పటికీ వుడ్ ఎఫెక్ట్ అనే పిలుస్తారు.

తెల్లగా ఉంటే పంట ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

ఉపగ్రహాలు పంటల పరిస్థితిని కొలిచేది ఇదే రెడ్ ఎడ్జ్ ఆధారంగా. 1972లో మొదటి ల్యాండ్‌శాట్ వెళ్లిన తర్వాత ఎన్‌డీవీఐ అనే కొలత వాడుకలోకి వచ్చింది. ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపును తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తారు. ఒక ఉదాహరణ వేసుకుందాం. పచ్చని చేను ఎరుపును 0.05 వంతు, ఇన్‌ఫ్రారెడ్‌ను 0.50 వంతు తిప్పి పంపిందనుకోండి. తేడా 0.45, మొత్తం 0.55, ఫలితం 0.82. ఎండుతున్న చేను ఎరుపును 0.20, ఇన్‌ఫ్రారెడ్‌ను 0.35 పంపితే తేడా 0.15, మొత్తం అదే 0.55, ఫలితం 0.27.

ఈ రెండు చేలలో ఇన్‌ఫ్రారెడ్ 0.50 నుంచి 0.35కి మాత్రమే తగ్గింది. ఎరుపు మాత్రం నాలుగు రెట్లయింది. ఇన్‌ఫ్రారెడ్ ఒక్కదాన్నే పట్టే ఫొటోలో ఆ ఎరుపు ఉండదు, కాబట్టి ఎండుతున్న గడ్డి కూడా దాదాపు తెల్లగానే కనిపించవచ్చు. తెల్లదనాన్ని చూసి పంట ఆరోగ్యం చెప్పేస్తామనేవాళ్లు రెండు అంకెలున్న లెక్కను ఒక్క అంకెతో చేస్తున్నారు.

ఆకాశం, నీరు, నీడ

గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా, పొడుగు తరంగాలను తక్కువగా చెదరగొడతాయి. ఎంత తేడా అంటే, తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా. 450 నానోమీటర్ల నీలాన్ని, 800 ఇన్‌ఫ్రారెడ్‌ను పోల్చి చూడండి. 800ని 450తో భాగిస్తే 1.78. దాని నాలుగో ఘాతం సుమారు 10. అంటే ఆకాశంలోంచి మనవైపు చెదిరి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ నీలంలో పదో వంతే. తేటగా ఉన్న ఆకాశం నల్లబడటానికి కారణం ఇది. దూరపు కొండలు స్పష్టంగా కనిపించడానికి కూడా ఇదే, మధ్యలోని పలుచని మసకను ఇన్‌ఫ్రారెడ్ చాలావరకు దాటేస్తుంది. అయితే పొగమంచును కూడా చీల్చుకుపోతుందన్న ప్రచారం నమ్మకండి. పొగమంచులో, మేఘాల్లో ఉండే నీటి బిందువులు తరంగంకన్నా ఎంతో పెద్దవి. వాటి ముందు నీలమైనా ఇన్‌ఫ్రారెడ్ అయినా ఒకటే. నల్లని ఆకాశంలో మేఘాలు అంత తెల్లగా నిలబడేది అందుకే.

నీరు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుంటుంది. కొద్ది లోతులోనే చాలా భాగం మాయమవుతుంది, అడుగు కనిపించదు. పైగా పైనున్న నల్లని ఆకాశమే నీటిలో ప్రతిబింబిస్తుంది. కాబట్టి కదలని చెరువు నల్లటి అద్దంగా మారి, ఒడ్డున ఉన్న తెల్లని చెట్లను తలకిందులుగా చూపిస్తుంది. తడిసిన మట్టి ముదురుగా, పొడి మట్టి లేతగా ఉంటుంది.

నీడల సంగతి కొంచెం వింతగా ఉంటుంది. ఆరుబయట నీడలో మనకు కాస్త కనిపిస్తుందంటే అది నీలి ఆకాశం పంపే వెలుగు వల్ల. ఇన్‌ఫ్రారెడ్‌లో ఆ వెలుగు లేదు, కాబట్టి గోడ నీడ, కొట్టం నీడ చిక్కగా నల్లబడతాయి. చెట్టు కింద నీడ మాత్రం అలా ఉండదు. ఆకులను దాటి వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ అక్కడ నిండి ఉంటుంది.

పల్లె దృశ్యాలు ఈ పద్ధతికి అంత బాగా లొంగేది ఈ తేడాల వల్లే. మామూలు నలుపు తెలుపు ఫొటోలో పచ్చిక, మట్టిదారి, నీలి ఆకాశం మూడూ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోయే ప్రమాదం ఉంది. ఇన్‌ఫ్రారెడ్‌లో మూడూ మూడు దిక్కులకు విడిపోతాయి. సిమెంటు, గాజు, తారు నిండిన వీధిలో ఇంత తేడా రాదు. నగరంలో తీసిన చాలా ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో అందం ఏదైనా ఉందంటే అది ఫుట్‌పాత్ పక్కనున్న చెట్టుదే.

కెమెరాను ఎలా ఒప్పిస్తారు

సెన్సర్‌కు ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తుంది, కానీ మామూలు ఫొటోల్లో అది కలిస్తే రంగులు పాడవుతాయి. అందుకే తయారీదారులు సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఒక ఫిల్టర్ పెడతారు. హాట్ మిర్రర్ అన్నది దానికి వాడుకలో ఉన్న పేరు. అది నూటికి నూరు శాతం ఆపదు. టీవీ రిమోట్ బటన్ నొక్కి దాని కొసను ఫోన్ కెమెరాలో చూస్తే, చాలా ఫోన్లలో ఒక చుక్క వెలుగుతూ కనిపిస్తుంది. అది 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్.

ఆ కారే కొద్దిపాటి కాంతితోనే ఫొటో తీయడం ఒక దారి. లెన్సు ముందు 720 నానోమీటర్ల ఫిల్టర్ బిగిస్తారు. హోయా ఆర్72 ఇందులో బాగా తెలిసిన పేరు. అది కనిపించే కాంతిని ఆపుతుంది, లోపలి హాట్ మిర్రర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది. రెంటి సందులోంచి దూరిందే ఫొటో. కెమెరాను బట్టి ఇది మారుతుంది గానీ, 10 స్టాపుల వెలుగు పోయిందనుకుందాం. ఒక్కో స్టాపుకు సమయం రెట్టింపు, పది రెట్టింపులంటే 1,024 రెట్లు. మామూలుగా సెకనులో 125వ వంతులో అయ్యే ఫొటోకు ఇప్పుడు 8 సెకన్లు పడుతుంది. ట్రైపాడ్ తప్పనిసరి. ఆ 8 సెకన్లలో గాలి వీస్తే ఆకులన్నీ అలికినట్టవుతాయి. కొందరికి ఆ అలుకుడే నచ్చుతుంది.

రెండో దారి కెమెరాను విప్పించి హాట్ మిర్రర్ తీసేయించడం. దాని స్థానంలో 590, 665, 720 లేదా 850 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టిస్తే అది ఇన్‌ఫ్రారెడ్ కెమెరాగా మారిపోతుంది. మామూలు షట్టర్ వేగంతో చేత్తోనే తీయొచ్చు. ఉత్త గాజు పెట్టిస్తే ఫుల్ స్పెక్ట్రమ్ కెమెరా అవుతుంది, అప్పుడు ఏ ఫిల్టర్ కావాలంటే అది లెన్సు ముందు మార్చుకోవచ్చు. అంకె ఏమి చెబుతుందంటే, దాదాపు అక్కడి నుంచి పైన ఉన్న కాంతినే లోపలికి వదులుతారని. 590లో నారింజ, ఎరుపు కూడా వస్తాయి, రంగులు ఎక్కువ. 850లో దాదాపు శుద్ధ ఇన్‌ఫ్రారెడ్, నలుపు తెలుపే.

లెన్సులతో కొన్ని తలనొప్పులున్నాయి. ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ కనిపించే కాంతి ఫోకస్ దగ్గర కుదరదు. పాత లెన్సుల మీద దీనికోసం ఎర్ర గుర్తు ఉండేది. మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సర్‌తోనే ఫోకస్ చేస్తాయి కాబట్టి ఆ బాధ తప్పింది. కొన్ని లెన్సులు ఫొటో మధ్యలో తెల్లటి మచ్చ వేస్తాయి, అపెర్చర్, అంటే కాంతి లోపలికి వచ్చే రంధ్రం, చిన్నదయ్యేకొద్దీ అది ముదురుతుంది. తరంగం పొడవు పెరిగితే డిఫ్రాక్షన్, అంటే ఆ రంధ్రంలోంచి పోయే కాంతి విచ్చుకోవడం, కూడా పెరుగుతుంది. 800 నానోమీటర్ల దగ్గర ఎఫ్/8 పెట్టడం, మామూలు కాంతిలో దాదాపు ఎఫ్/11 పెట్టినంత మెత్తదనం తెస్తుంది.

బట్టల్లోంచి చూస్తుందన్న భయం గురించి ఒక మాట. 1998లో సోనీ వీడియో కెమెరాల్లో చీకట్లో తీయడానికి ఇచ్చిన నైట్‌షాట్ సదుపాయాన్ని పగలు వాడితే కొన్ని పలుచని బట్టలు పారదర్శకంగా కనిపిస్తున్నాయన్న గొడవ వచ్చి, కంపెనీ ఆ సదుపాయాన్ని మార్చింది. కొన్ని అద్దకపు రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపవన్నది నిజమే. నల్ల చొక్కా లేత బూడిద రంగులో రావడం చాలా మామూలు. దూరపు పొలం ఫొటోకు దీనితో పెద్ద సంబంధం లేదు గానీ, మనుషులను తీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

రంగు లేని కాంతికి రంగు ఎలా వచ్చింది

"ఫొటోషాప్" అన్నవాళ్ల మాటలో సగం నిజం ఎక్కడుందో ఇక్కడ తేలుతుంది.

సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒక చిన్న ఫిల్టర్ అతికి ఉంటుంది. అవి కనిపించే కాంతిని విడదీయడానికి చేసినవి. 700 దాటాక ఏం చేయాలో వాటికి ఎవరూ నేర్పలేదు. ఎర్ర ఫిల్టర్ అక్కడ కూడా తలుపు తెరిచే ఉంచుతుంది. ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మొదట్లో మూసి ఉంచి, 800 వైపు వెళ్లేకొద్దీ తెరుస్తాయి. 850 వచ్చేసరికి మూడూ దాదాపు సమానంగా తెరిచి ఉంటాయి. అంటే 720 నుంచి 800 మధ్య కాంతి వస్తే ఎర్ర పిక్సెళ్లు ఎక్కువగా నిండుతాయి, అంతకన్నా పొడుగు తరంగాలు వస్తే మూడూ నిండుతాయి. పేరుకే ఎరుపు, నీలం. అక్కడ నమోదైంది "కొంచెం పొట్టి ఇన్‌ఫ్రారెడ్", "కొంచెం పొడుగు ఇన్‌ఫ్రారెడ్" అన్న తేడా మాత్రమే.

720 ఫిల్టర్‌తో తీసిన రా ఫైల్, అంటే సెన్సర్ నమోదు చేసినదాన్ని సర్దకుండా దాచిన ఫైల్, తెరిస్తే మొత్తం ఎర్రగా కనిపిస్తుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. చెట్టు ఆకు దగ్గర ఎరుపు 200, ఆకుపచ్చ 120, నీలం 100. ఆకాశం దగ్గర ఎరుపు 60, ఆకుపచ్చ 30, నీలం 20. ఇప్పుడు వైట్ బ్యాలెన్స్ కోసం ఆకు మీద నొక్కుతాం. ఆకు తెల్లగా రావాలని దానర్థం, కాబట్టి మూడూ 200 కావాలి. ఆకుపచ్చను 1.67తో, నీలాన్ని 2తో గుణించాలి. అదే గుణకం ఆకాశానికీ వర్తిస్తుంది. ఎరుపు 60, ఆకుపచ్చ 50, నీలం 40. ఆకాశం మట్టి రంగుకు వచ్చింది. ఇది ప్రమాదవశాత్తూ కాదు. ఆకాశం పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడుతుంది, ఆకు పొడుగు వాటిని ఎక్కువగా పంపుతుంది. ఆ తేడానే మట్టి రంగుగా కనిపిస్తోంది.

మట్టి రంగు ఆకాశం ఎవరికీ నచ్చదు. అప్పుడు చేసేదే ఛానల్ స్వాప్, అంటే ఎరుపు, నీలం అంకెలను తారుమారు చేయడం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఛానల్ మిక్సర్‌లో ఎరుపు ఛానల్‌కు ఎరుపు 0, నీలం 100 పెడతారు. నీలం ఛానల్‌కు నీలం 0, ఎరుపు 100. ఆకాశం ఇప్పుడు ఎరుపు 40, ఆకుపచ్చ 50, నీలం 60, అంటే మసక నీలం. ఆకులో మూడూ 200 కాబట్టి ఎటు మార్చినా తెల్లగానే ఉంటుంది. నీలి ఆకాశం కింద తెల్లని చెట్లు, అందరూ ఎక్కువగా చూసే ఇన్‌ఫ్రారెడ్ ఫొటో ఇదే.

ఇప్పుడు అదే ఫైల్ తీసుకుని, ఆకు మీద కాకుండా ఆకాశం మీద నొక్కామనుకోండి. ఆకాశం 60, 60, 60 అవుతుంది, అంటే బూడిద రంగు. దానికోసం ఆకుపచ్చను 2తో, నీలాన్ని 3తో గుణించాం. ఆకు 200, 240, 300 అవుతుంది, నీలం వైపు ఒరుగుతుంది. స్వాప్ చేస్తే 300, 240, 200, అంటే లేత బంగారు రంగు. ఫైల్ అదే, చెట్టు అదే, ఎండ అదే. మౌస్ నొక్కిన చోటు మారింది, చెట్టు తెలుపు నుంచి బంగారానికి మారింది.

ఆకుకూ ఆకాశానికీ మధ్య రంగు తేడా ఉండటం సెన్సర్ చెప్పిన నిజం. ఆ తేడాను ఏ రెండు రంగులతో చూపాలన్నది మాత్రం ఎడిటర్ ఇష్టం. నా లెక్కలో ఈ రంగులను అబద్ధం అనలేం, నమోదు అనీ అనలేం. భూపటంలో ఎత్తు ప్రాంతాలకు గోధుమ రంగు, లోతట్టుకు ఆకుపచ్చ వేసే పద్ధతికి దగ్గరగా ఉంటుంది ఇది.

ఈ పనిలో చాలామంది మొదట ఆగిపోయే చోటు ఒకటుంది. అడోబీ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో రా ఫైళ్ల వైట్ బ్యాలెన్స్ 2,000 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫైల్‌కు అంతకన్నా కిందికి పోవాలి. స్లయిడర్ చివరి దాకా లాగినా ఫొటో ఎర్రగానే ఉండిపోతే కెమెరా పాడైందని అనుకోనక్కర్లేదు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌తో ఆ కెమెరాకు వేరే ప్రొఫైల్ చేసుకుంటే స్లయిడర్‌కు చోటు దొరుకుతుంది. జేపెగ్‌లో తీస్తే ఇంత సర్దుబాటుకు వీలుండదు. రంగు మరీ పెంచితే ఆకాశంలో గరుకుదనం కనిపిస్తుందన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. 20ని 40 చేసినప్పుడు అందులోని నాయిస్ కూడా రెట్టింపైంది.

గులాబీ పొలాల వెనక కథ వేరు

చెట్లు ముదురు గులాబీ, ఎరుపు రంగుల్లో ఉండే ఫొటోలు వేరే జాతి. వాటి మూలం కొడాక్ ఏరోక్రోమ్ ఫిల్మ్. ఈ రకం ఫిల్మ్ పుట్టింది రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఆకుపచ్చ రంగు పులిమి దాచిన స్థావరాలను విమానం నుంచి కనిపెట్టడానికి. పసుపు ఫిల్టర్‌తో నీలాన్ని ఆపేసి, మిగిలిన మూడింటినీ ఒక మెట్టు జరిపేవారు. ఇన్‌ఫ్రారెడ్ ఎరుపుగా, ఎరుపు ఆకుపచ్చగా, ఆకుపచ్చ నీలంగా అచ్చయ్యేవి.

ఆకు ఆకుపచ్చను 0.12, ఎరుపును 0.06, ఇన్‌ఫ్రారెడ్‌ను 0.50 వంతు పంపుతుందనుకోండి. జరిపాక ఎరుపు 0.50, ఆకుపచ్చ 0.06, నీలం 0.12. ముదురు గులాబీ. పక్కనే ఆకుపచ్చ రంగు వేసిన తలుపు ఉంది, అది ఆకుపచ్చను 0.30, ఎరుపును 0.08, ఇన్‌ఫ్రారెడ్‌ను 0.10 పంపుతుంది. జరిపాక ఎరుపు 0.10, ఆకుపచ్చ 0.08, నీలం 0.30. నీలం. కంటికి రెండూ పచ్చనివే, ఫిల్మ్ మీద ఒకటి గులాబీ, ఒకటి నీలం. దాక్కున్న స్థావరం దొరికిపోయింది. తర్వాత్తర్వాత ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా పచ్చని ఆకులా తిప్పి పంపే రంగులు తయారయ్యాయి, అది మరో కథ.

ఈ ఫిల్మ్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. డిజిటల్‌లో అదే ఫలితం కావాలంటే ఇన్‌ఫ్రారెడ్‌తో పాటు ఎరుపు, ఆకుపచ్చ కూడా విడివిడిగా కావాలి. 720 ఫిల్టర్ వేసిన కెమెరాలో అవి ఉండవు. ట్రైపాడ్ కదపకుండా ఒక మామూలు ఫొటో, ఒక ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీసి, ఛానళ్లను పైన చెప్పినట్టు జరిపి కలపడం ఒక పద్ధతి. ఇందులో గులాబీ రంగు వెనక కొలత ఉంది. ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే ఉన్న ఫొటోలో చెట్లకు గులాబీ రంగు పూస్తే చూడటానికి అలాగే ఉండొచ్చు గానీ, ఆకుపచ్చ తలుపును అది పట్టుకోలేదు.

ఫిల్మ్ రోజుల నుంచి వచ్చిన మరో ముద్ర, వెలుగు చుట్టూ మెత్తగా వ్యాపించే కాంతి వలయం. అది ఇన్‌ఫ్రారెడ్ లక్షణమని చాలామంది అనుకుంటారు. కాదు. 2007లో ఆగిపోయిన కొడాక్ హెచ్ఐఈ ఫిల్మ్‌కు, వెనక నుంచి తిరిగొచ్చే కాంతిని ఆపే పొర లేదు. వెలుగు ఫిల్మ్‌ను దాటి వెనక తగిలి తిరిగి వచ్చి చుట్టూ పాకేది. డిజిటల్ ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో అలాంటి వలయం కనిపిస్తే, చాలాసార్లు వెలుగు భాగాలను మసకబరిచి పైన కలిపారని అర్థం.

ప్రీసెట్‌తో చేసిన ఇన్‌ఫ్రారెడ్

ఫోన్ యాప్‌లలో, ఎడిటింగ్ ప్యాక్‌లలో "ఇన్‌ఫ్రారెడ్" అనే ప్రీసెట్, అంటే ముందే సిద్ధం చేసిన సర్దుబాటు బటన్, ఉంటుంది. అది చేసేది ఒక్కటే, ఆకుపచ్చ, పసుపు రంగులను తెల్లబరిచి నీలాన్ని ముదురు చేయడం. చెట్లు, ఆకాశం మాత్రమే ఉన్న ఫొటోలో అసలుకూ దీనికీ తేడా కనిపెట్టడం కష్టమే. తేడా తెలిసేది మిగతా వస్తువుల దగ్గర. ఆకుపచ్చ టార్పాలిన్, ఆకుపచ్చ తలుపు ప్రీసెట్‌లో చెట్టుతో పాటే తెల్లబడతాయి. అసలు ఇన్‌ఫ్రారెడ్‌లో అవి ఏ రంగుతో తయారయ్యాయన్నదాన్ని బట్టి ఎలాగైనా రావచ్చు. ఎర్రటి లేత చిగుళ్లు అసలు ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా ఉంటాయి, ప్రీసెట్‌లో ఎర్రగానో నల్లగానో మిగిలిపోతాయి. నల్ల చొక్కా లేతబడటం, గోడ నీడ చిక్కబడటం, దూరపు కొండ తేటపడటం ప్రీసెట్‌కు చేతకావు. మామూలు ఫొటోలో లేని సమాచారాన్ని ఏ స్లయిడరూ పుట్టించలేదు.

అందుకని దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కలలాంటి దృశ్యం కావాలంతే అనుకునేవారికి ప్రీసెట్ చాలు. దాన్ని ఇన్‌ఫ్రారెడ్ ఫొటోగా చెప్పుకున్నప్పుడే పేచీ.

ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు

ప్రకృతి ఫొటో అంటే అక్కడ నిలబడినవాడు చూసినదానికి దగ్గరగా ఉండాలని ఒక వర్గం వాదన. ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా ప్రకృతి విభాగం నిర్వచనం ఈ వైపే ఉంది. నలుపు తెలుపుకు పూర్తిగా మార్చడాన్ని ఒప్పుకుంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం నేరుగా తీసినదైనా, ఎడిటింగ్‌లో తెచ్చినదైనా అనుమతించదు. రెండో వర్గం అడిగే ప్రశ్నకు కూడా బరువుంది. లోకం నలుపు తెలుపులో ఏమీ ఉండదు, అది మన కళ్లకు అలవాటైంది, అంతే. నలుపు తెలుపు ఫొటో ఉన్న సమాచారాన్ని తీసేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ కంటికి అందని సమాచారాన్ని చూపిస్తుంది. రెండోది ఎక్కువ అబద్ధం ఎలా అవుతుందని వాళ్ల ప్రశ్న.

రెండు వాదనలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులని నాకనిపిస్తుంది. "అక్కడ ఏముంది?" అని అడిగితే ఇన్‌ఫ్రారెడ్ నిజాయితీగల సాక్షే. "అక్కడ ఎలా కనిపించింది?" అని అడిగితే కాదు. పోటీ నిబంధన రెండో ప్రశ్న అడుగుతోంది.

వార్తలు, యుద్ధం, కరువు వచ్చి చేరినప్పుడు గొడవ ఇంకా ముదురుతుంది. ఐరిష్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ మోస్ తూర్పు కాంగోలోని సాయుధ పోరు జరిగే ప్రాంతాలను ఏరోక్రోమ్ ఫిల్మ్ మీద తీశాడు. 2013లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఐర్లాండ్ తరఫున ఆ పని ప్రదర్శించాడు. కొండలన్నీ గులాబీ రంగులో ఉంటాయి. ప్రపంచం పట్టించుకోని యుద్ధాన్ని ఆగి చూసేలా చేసిందని మెచ్చుకున్నవాళ్లున్నారు. ఇంతటి బాధను ఇంత అందంగా చూపడం తగునా అని అడిగినవాళ్లూ ఉన్నారు. సైన్యం కోసం పుట్టిన ఫిల్మ్‌తో సాయుధుల మధ్య తీయడంలో ఉన్న మెలిక ఇద్దరికీ తెలిసిందే.

పల్లె దృశ్యాలకు అంత బరువు ఉండదు గానీ, అనుమానం అక్కడా వస్తుంది. పోటీల్లో అనుమానం వస్తే నిర్వాహకులు రా ఫైల్ అడుగుతారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా రా ఫైల్ ఎర్రగా తెరుచుకుంటుంది, చెట్లు ఆకాశంకన్నా ఎన్నో రెట్లు వెలుగ్గా ఉంటాయి. ప్రీసెట్‌తో చేసినదైతే ఫైల్‌లో మామూలు పచ్చని చెట్టే ఉంటుంది. ఫొటో నిజంగా ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిందా కాదా అన్నది ఆ ఫైల్‌తో నిమిషంలో తేలిపోతుంది. చెట్టు బంగారు రంగులో ఎందుకుందన్నదానికి మాత్రం అందులో ఏ ఆధారమూ దొరకదు. ఫిల్టర్ ఎన్ని నానోమీటర్లది, వైట్ బ్యాలెన్స్ దేని మీద తీసుకున్నారు, ఛానల్ స్వాప్ చేశారా అన్న మూడు వివరాలు ఫొటో కింద రాసి ఉంటేనే చూసేవాడికి ఆ సంగతి తెలుస్తుంది.